విడాకుల కేసు నడుస్తుండగా పిల్లలతో ఊరు మారొచ్చా?

భార్యాభర్తలు విడిపోవాలనుకున్నప్పుడు భరణం గురించీ ఇంటి గురించీ బంగారం గురించీ లాయర్‌ని పదిసార్లు అడుగుతారు. ఊరు మారే సంగతి మాత్రం చాలామంది అడగరు. అది ఇంట్లోనే తేలిపోతుంది. "బిడ్డను తీసుకుని వచ్చెయ్యమ్మా, మిగతాది తర్వాత చూసుకుందాం" అని పుట్టింటివాళ్లు అంటారు. "బాబుని మన ఊరి స్కూల్లో వేసెయ్, మేం చూసుకుంటాం" అని అబ్బాయి తల్లిదండ్రులు అంటారు. రెండు మాటల్లోనూ ఉన్నది ప్రేమే. కానీ కేసు ఏ కోర్టులో నడవాలి, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి, రెండోవాళ్లు ఆ బిడ్డను ఎన్నాళ్లకొకసారి చూడగలగాలి అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క ప్రయాణం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి చిక్కు ఏమిటంటే, "విడిపోతున్న తల్లి లేదా తండ్రి పిల్లలతో వేరే ఊరు వెళ్లాలంటే ఇలా చేయాలి" అని చెప్పే సెక్షన్ మన చట్టాల్లో ఎక్కడా లేదు. లా కమిషన్ 2015 మే నెలలో ఇచ్చిన 257వ నివేదికలో కస్టడీ చట్టాలను మార్చాలనీ, ఇల్లు మారే విషయంలో కూడా మార్గదర్శకాలు ఉండాలనీ సూచించింది. అది చట్టం కాలేదు. కాబట్టి జడ్జిగారు ఇప్పటికీ పాత చట్టాలనే పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1955 నాటి హిందూ వివాహ చట్టం, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 2005 నాటి గృహహింస చట్టం. ఒక్కోటి ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి పుట్టింది.

1956 చట్టంలోని ఆరో సెక్షన్ గురించి అందరూ ఎంతోకొంత విన్నారు. సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి, అయితే ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి అని అందులో ఉంది. ఈ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే అనుకోనక్కర్లేదనీ, తండ్రి పట్టించుకోని పరిస్థితిలో కూడా తల్లి సంరక్షకురాలేననీ సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. అదే చట్టంలోని 13వ సెక్షన్ వీటన్నిటి కంటే బలమైనది. బిడ్డ శ్రేయస్సే అన్నిటికన్నా ముఖ్యం అంటుందది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వర్తించే చట్టాలు వేరైనా, కస్టడీ తగాదా కోర్టుకు వచ్చాక అక్కడ కూడా తూకం ఈ శ్రేయస్సు దగ్గరే ఆగుతుంది.

కాబట్టి కస్టడీ గురించి ఏ కోర్టు ఉత్తర్వూ లేనప్పుడు తల్లి గానీ తండ్రి గానీ సొంత బిడ్డను వేరే ఊరికి తీసుకెళ్తే, దాన్ని మామూలుగా కిడ్నాప్ అనరు. కోపంలో పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తినా "కోర్టుకు వెళ్లండి" అన్న మాటే ఎక్కువగా వినిపించేది ఇందుకే. అలాగని అది హక్కు కూడా కాదు. ఎందుకు వెళ్లారు, ఎలా వెళ్లారు, వెళ్లాక రెండోవాళ్లకు బిడ్డను ఎంత దూరం చేశారు అన్నవి తర్వాత ఒక్కొక్కటిగా కోర్టు ముందుకు వస్తాయి. కోర్టు ఉత్తర్వు ఒకటి వచ్చాక మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. కోర్టు నియమించిన సంరక్షకులు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించకూడదని 1890 చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. మధ్యంతర ఉత్తర్వులో "ప్రతి రెండో శనివారం తండ్రిని కలవాలి" అని రాసి ఉంటే, ఆ శనివారం సాధ్యం కాని దూరానికి వెళ్లిపోవడం ఉత్తర్వును ధిక్కరించడమే. "నాకు ఆ సంగతి తెలియదు" అన్న జవాబు అక్కడ పనిచేయదు.

ఏ ఊరి కోర్టు?

బాగా తికమక పెట్టేది ఇదే, దీనివల్లే ఏళ్లు గడిచిపోతాయి కూడా. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, చివరిసారిగా కలిసి ఉన్న చోట, అవతలివాళ్లు ఉంటున్న చోట విడాకుల కేసు వేయొచ్చు. కేసు వేసేది భార్య అయితే ఆమె ప్రస్తుతం ఉంటున్న చోట కూడా వేయొచ్చు. ఈ చివరి వెసులుబాటు 2003 సవరణతో వచ్చింది. అంటే గచ్చిబౌలిలో కాపురం చేసిన అమ్మాయి గుంటూరులో పుట్టింటికి వస్తే, విడాకుల పిటిషన్ గుంటూరులోనే వేసుకోవచ్చు. కానీ బిడ్డ కస్టడీ కోసం గార్డియన్స్ చట్టం కింద వేసే పిటిషన్ మాత్రం 9వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ "మామూలుగా నివసించే" చోట వేయాలి. తల్లితో వారం క్రితం గుంటూరు వచ్చిన నాలుగేళ్ల పాప మామూలుగా నివసించేది గుంటూరా, గచ్చిబౌలా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఇది ఆయా వాస్తవాలను బట్టి తేల్చాల్సిన విషయమని సుప్రీంకోర్టు 2011లో ఒక కేసులో చెప్పింది. ఎన్నాళ్లుగా ఉంటున్నారు, స్కూల్లో చేరారా, ఉండిపోవాలనే వచ్చారా లేక సెలవులకు వచ్చారా, రావడానికి రెండోవాళ్లు ఒప్పుకున్నారా అన్నవన్నీ చూస్తారు.

తెలుగువాళ్లకు దీని మీద ఇంకో ముడి పడింది. 2019 జనవరి 1న అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుగా మొదలయ్యే దాకా రెండు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లోని హైకోర్టు ఒక్కటే. ఇప్పుడు రెండు రాష్ట్రాలు, రెండు హైకోర్టులు. భర్త కూకట్‌పల్లి నుంచి కేసు వేశాడు, భార్య బిడ్డతో విజయవాడలో ఉంది, ప్రతి వాయిదాకీ రాలేదు అనుకుందాం. కేసును విజయవాడకు మార్పించుకోవాలంటే ఆమె సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. ఒకే రాష్ట్రంలో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు అయితే హైకోర్టు చాలు, రాష్ట్రం మారితే ఢిల్లీ తప్పదు. నాలుగైదు గంటల బస్సు ప్రయాణానికి ఢిల్లీలో లాయర్‌ను పెట్టుకోవాల్సి రావడం అన్యాయంగా అనిపిస్తుంది. నాకైతే అన్యాయంగానే కనిపిస్తోంది. పసిపిల్లలున్న తల్లుల విషయంలో కోర్టు సాధారణంగా సానుభూతితోనే చూస్తుంది. కానీ ఆ ఉత్తర్వు చేతికొచ్చేలోపు నెలలు గడిచిపోతాయి, అంతదాకా బిడ్డ కస్టడీ సంగతి ఎక్కడిదక్కడే ఉంటుంది.

కేసు ఆగినా బిడ్డ ఎదుగుదల ఆగదు కదా. కొత్త ఊళ్లో స్కూల్, స్నేహితులు, తాతయ్య, మేనమామ, అలవాటైన డాక్టర్ అన్నీ ఏర్పడిపోతాయి. రెండేళ్ల తర్వాత విచారణకు వస్తే "ఇప్పుడు ఈ బిడ్డను కదిలించడం మంచిది కాదు" అనడానికి కావలసిన సాక్ష్యమంతా ఆ రెండేళ్లే తయారుచేసి పెడతాయి. మంచి లాయర్లకు ఇది బాగా తెలుసు. అందుకే కొంతమంది "ముందు వెళ్లిపో" అని సలహా ఇస్తారు, అవతలి లాయర్ "వెంటనే పిటిషన్ వెయ్" అంటారు. ఊరు మారిన మొదటి కొన్ని వారాల్లో ఎవరు ఏం రాశారు, ఏం వేశారు అన్నది చివరిదాకా కేసును నడిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే. వెళ్లడమా మానడమా అన్నదానికంటే, ఏది ముందు ఏది వెనక చేశారన్నదే ఎక్కువసార్లు ఫలితాన్ని తేలుస్తుంది. చెప్పి, కాగితం మీద పెట్టి, రెండోవాళ్లు బిడ్డను కలిసే దారి చూపించి వెళ్లిన మనిషికీ, ఫోన్ ఆపేసి రాత్రికి రాత్రి వెళ్లిన మనిషికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

ఇంట్లో కొట్టుడు, ప్రాణభయం ఉంటే మాత్రం ఈ వరస వర్తించదు. అక్కడ ముందు బయటపడాలి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, బిడ్డతో సురక్షితమైన చోటుకు చేరుకోవాలి. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టులో కూడా కేసు వేయొచ్చు. 21వ సెక్షన్ కింద బిడ్డ తాత్కాలిక కస్టడీ అడగొచ్చు. మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లో మొదలవ్వాలనీ, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ ఆ చట్టంలో ఉంది. ఆచరణలో అంత వేగం అరుదు. అయినా పిటిషన్ వెంటనే వేయాలి. దెబ్బలు తగిలితే ఆస్పత్రి చీటీ, ఫిర్యాదు రసీదు, బెదిరింపు మెసేజ్‌లు తేదీలతో సహా దాచుకోవాలి. ఆరు నెలలు మౌనంగా ఉండి, అవతలివాళ్లు కస్టడీ కేసు వేశాక మొదటిసారి హింస సంగతి చెబితే, నిజం చెబుతున్నా అనుమానంగా చూసే ప్రమాదం ఉంది. ఖర్చుకు భయపడి ఆగిపోకూడదు. ఆదాయం ఎంతున్నా సరే, మహిళలకూ పిల్లలకూ 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఉచితంగా లాయర్‌ను పెడతారు. జిల్లా కోర్టులోని న్యాయసేవా సంస్థకు వెళ్లొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు.

ఉద్యోగం కోసమో, ఒంటరిగా పిల్లల్ని పెంచలేక అమ్మానాన్నల తోడు కోసమో మారేవాళ్లకు దారి వేరు. కేసు అప్పటికే నడుస్తుంటే అదే కోర్టులో అనుమతి కోసం మధ్యంతర పిటిషన్ వేయాలి. పిల్లల కస్టడీ, పోషణ, చదువుల గురించి కేసు నడుస్తుండగానే ఉత్తర్వులివ్వడానికి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ అధికారం ఇస్తోంది. ఇక్కడ చాలామంది తమ అవసరం గురించే నాలుగు పేజీలు రాసి, బిడ్డ గురించి రెండు లైన్లు రాస్తారు. జడ్జిగారికి కావలసింది ఆ రెండు లైన్ల వెనక ఉన్నది. బెంగళూరులో ఆఫర్ లెటర్ వచ్చింది సరే, పాప ఏ స్కూల్లో చేరుతుంది? మీరు ఆఫీసులో ఉండగా ఎవరు చూసుకుంటారు? నాన్న నెలలో ఏ రోజుల్లో వచ్చి కలవొచ్చు, ఎక్కడ ఉండొచ్చు, రైలు చార్జీలు ఎవరివి? దసరా సెలవులు ఎవరి దగ్గర, సంక్రాంతి ఎవరి దగ్గర? వీటికి ముందే జవాబులు రాసిపెట్టిన పిటిషన్‌ను తోసిపుచ్చడం కష్టం. సింగపూర్‌కు ఉద్యోగం మీద వెళ్లాల్సిన ఒక తల్లికి 2020లో సుప్రీంకోర్టు కొడుకును తీసుకెళ్లడానికి అనుమతి ఇచ్చింది, తండ్రికి బిడ్డతో సంబంధం తెగిపోకుండా ఏర్పాటు కూడా చేసింది. ఉద్యోగం చేసుకునే తల్లిని ఒక ఊరికి కట్టిపడేయాలని కోర్టు కోరుకోదు.

వెనక ఉండిపోయినవాళ్లకు కూడా ఒక మాట. బిడ్డను అటువైపువాళ్లు తీసుకెళ్లిపోయారని తెలిశాక స్కూల్ గేటు దగ్గర కాపు కాసి తిరిగి లాక్కొచ్చిన తండ్రులూ తల్లులూ ఉన్నారు. దీనివల్ల మంచి జరిగిన కేసు నాకు తెలిసి లేదు. బిడ్డ బెదిరిపోతుంది, మీరు అప్పటిదాకా చెప్పిన న్యాయం అంతా ఆ ఒక్క మధ్యాహ్నంతో పోతుంది. వెంటనే చేయాల్సింది కస్టడీ పిటిషన్, దాంతోపాటు బిడ్డను కలవడానికీ ఫోన్‌లో మాట్లాడడానికీ మధ్యంతర ఉత్తర్వు కోసం ఇంకో పిటిషన్. బిడ్డ ఎక్కడుందో కూడా తెలియనప్పుడు, లేదా ఉత్తర్వును మీరి తీసుకెళ్లినప్పుడు హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయొచ్చు. అప్పటిదాకా స్కూల్ ఫీజు, ఖర్చులు ఆపకూడదు. కోపంతో ఆపిన నెలలు తర్వాత మీ మీదే సాక్ష్యం అవుతాయి.

సముద్రం దాటినప్పుడు

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో హైదరాబాద్‌కు రిటర్న్ టికెట్ మీద వచ్చి, తిరిగి వెళ్లకుండా ఉండిపోయిన కుటుంబాలు మనలో ఇప్పుడు కొత్త కాదు. మిగతా తగాదాల కంటే ఇది చాలా కఠినమైనది, ఎందుకంటే రెండు దేశాల కోర్టులూ ఒకే బిడ్డ మీద ఒకేసారి మాట్లాడతాయి.

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఒకే తరహా కస్టడీ చట్టాన్ని పాటిస్తాయి. కేసు వేసేముందు వరుసగా 6 నెలలు బిడ్డ ఎక్కడ ఉందో అదే బిడ్డ సొంత రాష్ట్రం. బిడ్డ వెళ్లిపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే ఇంకో 6 నెలల పాటు అక్కడి కోర్టుకే అధికారం ఉంటుంది. అంటే తల్లి శంషాబాద్‌లో దిగి, హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసినా, టెక్సస్‌లో తండ్రి కేసు వేస్తే అక్కడి కోర్టు దాన్ని తీసుకుంటుంది, ఆమె హాజరు కాకపోతే ఆమె వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చేస్తుంది. దీనిపైన 1993లో అక్కడ చేసిన ఫెడరల్ చట్టం ఒకటుంది. రెండో తల్లిదండ్రుల కస్టడీ హక్కుకు అడ్డుపడే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించినా, బయటే ఉంచేసినా 3 ఏళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. గృహహింస నుంచి పారిపోయి వచ్చామన్నది ఆ చట్టంలోనే ఒప్పుకున్న సమర్థన, కానీ దాన్ని రుజువు చేసుకోవాలి.

దేశం దాటించిన బిడ్డను అంతదాకా ఉన్న దేశానికి తిరిగి పంపాలనే 1980 నాటి హేగ్ ఒప్పందంలో అమెరికా ఉంది, భారత్ లేదు. చేరాలా వద్దా అని లా కమిషన్ 2016లో 263వ నివేదిక ఇచ్చింది, ఒక ముసాయిదా బిల్లు కూడా వచ్చింది, 2018లో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం చేరలేదు. చేరితే హింసించే భర్త దగ్గరికే మన ఆడపిల్లల్ని తిరిగి పంపాల్సి వస్తుందన్న భయం దీని వెనక పెద్ద కారణం. ఆ భయం నిజమైనదే. అలాగని ఇండియాకు వచ్చేస్తే ఎవరూ ఏమీ చేయలేరన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం.

2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం ఒక కేసులో, విదేశీ కోర్టు ఉత్తర్వు అనేది చూడాల్సిన విషయాల్లో ఒకటి మాత్రమేననీ, బిడ్డ శ్రేయస్సే చివరిమాట అనీ చెప్పింది. గుండె సమస్య ఉన్న ఆ పాపను బ్రిటన్‌కు తిరిగి పంపలేదు. ఈ తీర్పును చూసి చాలామంది ధైర్యం తెచ్చుకున్నారు. 2019లో హైదరాబాద్‌కు సంబంధించిన కేసులో ఫలితం తిరగబడింది. ఆ తల్లి ముందు పెన్సిల్వేనియాలో తానే కేసు వేసింది, ఆ తర్వాత ఇద్దరు పిల్లలతో ఇక్కడికి వచ్చి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషన్ వేసింది. అమెరికాలో పుట్టి పెరిగిన ఆ పిల్లలను తిరిగి పంపాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో అక్కడి కోర్టు ఉత్తర్వును మీరి వచ్చిన ఇంకో తల్లి విషయంలోనూ అలాగే జరిగింది. 2022లో వైద్యం కోసం బిడ్డతో వచ్చి ఉండిపోయిన కేసులో బాబు అమెరికా వెళ్లాలనీ, తల్లిని మాత్రం వెళ్లమని బలవంతం చేయలేమనీ కోర్టు చెప్పింది. అంటే ఆమె తోడు వెళ్లాలి, లేకపోతే బిడ్డను అప్పగించాలి. ఒక తల్లికి ఇంతకంటే బాధాకరమైన ఎంపిక ఉంటుందా?

ఈ బాధకు వీసా తోడవుతుంది. హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాపై ఆధారపడిన వీసా మీద ఉన్న భార్యకు విడాకుల డిక్రీ వచ్చిన రోజుతో ఆ వీసా హోదా పోతుంది. బిడ్డ అక్కడ పుట్టిన పౌరురాలు, అక్కడి కోర్టు బిడ్డ అమెరికాలోనే ఉండాలంటుంది, తల్లికేమో ఉండే హక్కే లేదు. అందుకే హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఇండియా టికెట్ కొనేముందే అక్కడి ఫ్యామిలీ లాయర్‌తో, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. బిడ్డతో ఇండియాలో స్థిరపడడానికి అక్కడి కోర్టునే అనుమతి అడగొచ్చు. సమయం పడుతుంది, ఖర్చవుతుంది, దొరక్కపోవచ్చు కూడా. కానీ దొరికితే ఆ కాగితం ఇక్కడ కూడా నిలబడుతుంది. ఇటునుంచి అటు వెళ్లేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. కెన్యాలో ఉన్న ఒక తండ్రికి కొడుకు కస్టడీ ఇస్తూ సుప్రీంకోర్టు 2020లో తన ఉత్తర్వు లాంటిదే అక్కడి కోర్టు నుంచి కూడా తెమ్మంది. ఆయన కోర్టును మోసం చేశాడని తేలాక 2021లో ఆ ఉత్తర్వునే వెనక్కి తీసుకుంది. అప్పటికి బాబు దేశం దాటిపోయాడు.

పాస్‌పోర్టు దగ్గర కూడా ఇదే జాగ్రత్త. మైనర్ పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలూ కావాలి. ఒకరి సంతకం దొరకనప్పుడు ఒక్కరే ఇచ్చే డిక్లరేషన్ ఉంది గానీ, అందులో కోర్టు కేసుల సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అవతలివాళ్లు బిడ్డను దేశం దాటిస్తారన్న భయం ఉంటే, పాస్‌పోర్టును కోర్టులో జమ చేయించమని ముందే పిటిషన్ వేయడం మంచిది.

బిడ్డ వైపు నుంచి

కోర్టు కాగితాల మధ్య బిడ్డ రోజు ఎలా గడుస్తోందో అడిగేవాళ్లు తక్కువ. వీలైతే విద్యాసంవత్సరం ముగిశాక, వేసవి సెలవుల్లో మారితే మేలు. టీసీ, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, ఆధార్ కాపీలు ఇద్దరి దగ్గరా ఉండాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ స్కూల్లో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇది పనికొస్తుంది. కొత్త స్కూల్ ఫారంలో రెండోవాళ్ల పేరు, ఫోన్ నంబర్ తప్పక రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే రేపు కోర్టులో దానికి వేరే అర్థం వస్తుంది.

నాలుగేళ్ల పిల్లలకు "విడాకులు" అన్నది అర్థం కాదు. రేపు పొద్దున ఎక్కడ నిద్ర లేస్తాను, నాన్న ఎప్పుడు కనిపిస్తాడు, నా సైకిల్ వస్తుందా అన్నవే వాళ్ల ప్రశ్నలు. వాటికి నిజం చెప్పాలి. "నాన్న ఆఫీసు పని మీద ఊరెళ్లాడు" అని నెలల తరబడి చెప్పిన అబద్ధం తెలిసిన రోజున బిడ్డ ఇద్దరినీ నమ్మడం మానేస్తుంది. పక్క తడపడం, మళ్లీ వేలు నోట్లో పెట్టుకోవడం, అమ్మ వంటింట్లోకి వెళ్లినా ఏడవడం కొన్నాళ్లు ఉండొచ్చు. అవి తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. వాటిని వీడియో తీసి "చూడండి, నాన్నను కలిసొచ్చాక ఎలా అయిపోయిందో" అని కోర్టులో పెట్టకండి.

బిడ్డతో ఉండని తల్లి లేదా తండ్రికి రోజూ 5 నుంచి 10 నిమిషాలైనా వీడియో కాల్‌లో మాట్లాడే అవకాశం ఉండాలని, అమెరికా కోర్టు ఉత్తర్వును మీరి వచ్చిన తల్లి కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాల్‌కు ఒక సమయం పెట్టుకోండి. అవతల డల్లాస్, ఇవతల వరంగల్ అయితే రెండు ఊళ్ల గడియారాలూ చూసి, బిడ్డ నిద్రకళ్లతో లేని వేళే ఎంచుకోవాలి. పక్కన అమ్మమ్మ కూర్చుని ప్రశ్నలు అందించకూడదు.

ఇద్దరూ ఒప్పుకుని మ్యూచువల్ కన్సెంట్ మీద విడిపోతుంటే, ఈ విషయాలన్నీ ఒప్పందంలోనే రాయించుకోవడం అన్నిటికంటే తేలిక. "పిల్లల కస్టడీ తల్లిది, తండ్రికి విజిటేషన్ హక్కు" అన్న ఒక్క లైన్‌తో సరిపెట్టే ఒప్పందాలు రెండేళ్లకే మళ్లీ కోర్టుకొస్తాయి. ఊరు మారాలనుకుంటే ఎన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఒప్పుకోకపోతే ముందు ఏ మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి, దూరం పెరిగితే ప్రయాణ ఖర్చు ఎలా పంచుకోవాలి, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, విదేశీ ప్రయాణానికి సంతకం ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అన్నవి విడివిడిగా రాయాలి. రాసినంత మాత్రాన అదే శాశ్వతం అని భయపడక్కర్లేదు. కస్టడీ ఉత్తర్వు ఎప్పుడూ ఆఖరిది కాదు, పరిస్థితి మారితే మార్చమని ఎవరైనా అడగొచ్చు. బిడ్డ తన ఇష్టం తెలివిగా చెప్పగలిగే వయసుకు వస్తే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 1890 చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. చాలామంది జడ్జిలు అప్పుడు లాయర్లను బయట కూర్చోబెట్టి, తమ చాంబర్‌లో బిడ్డతోనే విడిగా మాట్లాడతారు.